సీలు తెగిన ఇంజను

మౌంట్ రాస్కిల్,
ఆదివారం

అమ్మకు,

నీ కొడుకు సృజన్ దండాలు. ఇక్కడ నేనూ నాన్నా బాగున్నాం. కరీంనగర్‌లో నువ్వు, చిన్నమ్మ, చిన్నమ్మ కొత్త మోకాలు కూడా బాగున్నారని తలుస్తాను. బాగా లేనిదొక్కటే, నా రేసు కారు ఇంజను. దానికి నిన్న పెద్ద అన్యాయం జరిగింది. చేసినవాడి పేరు దాచను. బోటనీ డౌన్స్ రాజారావు. నాలుగు డైరీ షాపుల్లో పాలూ బ్రెడ్డూ అమ్మే రాజారావు, ఉగాదికి మనింటికొచ్చి పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్న రాజారావు. ఇకనుంచి ఆయన్ని అంకుల్ అని పిలవను.

నీకు కోపం వస్తుందని తెలుసు. పెద్దవాళ్ల మీద అలా రాయొచ్చా అంటావు. మెసేజీలు వద్దు, కాగితం మీద తెలుగులో రాసి ఫోటో తీసి పంపు, లేకపోతే ఏడో తరగతి దాకా చదివిన తెలుగంతా పోతుంది అన్నది నువ్వే. కాగితం మీదకి వచ్చాక చెయ్యి నిజమే రాస్తుంది.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. తింటున్నాం. నాన్న పప్పు బాగానే వండుతున్నాడు, ఉప్పు మాత్రం బస్సు నడిపినట్టు వేస్తాడు, ఒక రోజు ఆలస్యం, ఒక రోజు ముందే. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను. నువ్వు పనిచేసే వృద్ధాశ్రమం నుంచి మార్గరెట్ ఆంటీ వచ్చి, సావిత్రి ఎప్పుడొస్తుందని అడిగి వెళ్లింది. దేవుడి దగ్గర దీపం పెడుతున్నావా అని అడిగావు. ఆ సంగతి చివర్లో రాస్తాను.

ఇంకా ఆ ఢీకొట్టుకునే ఆటకేనా పోతున్నావు, అందులో సీలు గొడవేంటి, నువ్వు లీడరువయ్యావని నాన్న అంటున్నాడేంటి అని అడిగావు. లీడరుని కాలేదమ్మా. అరుస్తున్నానంతే.

సంగతి ఇది. మా క్లాసులో, అంటే మా రకం కార్ల పోటీలో, ఒకప్పుడు ముప్పై కార్లు దిగేవట. ఇప్పుడు పది కూడా లేవు. ఒకడు ఖరీదైన ఇంజను చేయించుకుంటాడు. వాణ్ణి అందుకోవడానికి ఇంకొకడు అప్పు చేసి అంతకంటే ఖరీదైనది చేయిస్తాడు. మూడోవాడు కారు అమ్మేసి, కంచె బయట నిలబడి చిప్స్ తింటూ చూస్తాడు. పక్క వీధి ప్రణీత అలాగే పోయింది. గుర్తుంది కదా, నర్సింగ్ చదువుతుంది, మలుపులో నాకంటే బాగా తిప్పుతుంది. మలుపులో గెలిచి, తిన్నని దారిలో ఓడిపోయేది. తిన్నని దారిలో గెలిచేది డ్రైవరు కాదు, డ్రైవరు తండ్రి జేబు.

దీనికి మేమొక దారి కనిపెట్టాం. అందరికీ ఒకే రకం మామూలు ఇంజను, పాత కార్ల యార్డులో దొరికేదే. క్లబ్బువాళ్లు దాన్ని విప్పి చూసి, మళ్లీ మూసి, పైనున్న రెండు బోల్టులకి సన్నటి తీగ కట్టి, ఆ తీగకి సీసపు బిళ్ల నొక్కి నంబరు కొడతారు. అదే సీలు. తీగ తెంచకుండా లోపల ఎవడూ చెయ్యి పెట్టలేడు. గ్యాస్ బండ ఇంటికి రాగానే మూత మీద సీలు చూసుకుని సంతకం పెడతావు చూడు, అలాంటిదే. ఈ సీజన్ ప్రయోగంగా ఇష్టమున్నవాళ్లం సీలు ఇంజన్లతో దిగాం. ప్రణీత మళ్లీ కారు కొనుక్కుని వచ్చింది. ఇంకో నలుగురు వచ్చారు.

వచ్చే శనివారం క్లబ్బు సభలో ఓటు ఉంది. గెలిస్తే క్లాసు మొత్తానికి సీలు తప్పనిసరి. ఓడితే, ఇంత తక్కువ కార్లున్న క్లాసు ఎందుకని మమ్మల్ని వచ్చే ఏడాది నుంచి తీసేస్తారు. నియమం చిత్తుప్రతి రాసింది నేనే. అందులో ఒక వాక్యం నాకు చాలా ఇష్టం: "సీలు తెగితే ఎవరు తెంచారన్న ప్రశ్న లేదు, ఆ కారు సీజనంతా బయటే."

ఇప్పుడు నిన్నటి సంగతి. అమ్మా, నేను గెలిచాను! మొదటిసారి. చివరి మలుపులో రాజారావు కొడుకు జశ్వంత్ నా ముందున్నాడు. వాడి వెనక బంపరుకి నా కారు ముక్కు ఆనించి పక్కకి నెట్టాను. భయపడకు, నెట్టడం ఈ ఆటలో తప్పు కాదు, బెల్టులూ ఇనప చట్రమూ అందుకే ఉన్నాయి. వాడి బంగారపు ఇంజనుని నా యార్డు ఇంజను దాటింది. జనం లేచి నిలబడ్డారు. ఓటు అప్పుడే గెలిచేశామనుకున్నాను.

గెలిచిన కారుని గ్రేమ్ అని ఒక పెద్దాయన తనిఖీ చేస్తాడు. బానెట్ ఎత్తి, గుడ్డతో నూనె తుడిచి, సీలు పట్టుకుని చూశాడు. "మేట్, ఇది తీగ కాదు. దారం" అన్నాడు. నూనెలో నాని, వేడికి మాడిన నల్లదారం. ఆయన వేళ్ల మధ్య పొడిలా రాలిపోయింది. బిళ్ల లేదు. ఎవడో తీగ తెంచేసి, నాకు అనుమానం రాకుండా ఆ చోటే నల్లదారం కట్టాడు. దూరం నుంచి చూస్తే అచ్చం తీగే. రోజూ ఆయిలు చూసుకునే నేనే మోసపోయాను.

ఎవడో అంటున్నానేమిటి, నాకు తెలుసు. పొద్దున రాజారావు నా కారు పక్కకొచ్చి, తెరిచిన బానెట్ మీదకి వంగి, "ఏవయ్యా సృజనూ, ఇంజన్లకి కూడా రేషను కార్డులిస్తున్నారంటగా? నీకు తెల్లకార్డా, గులాబీ కార్డా?" అని నవ్వాడు. నేను పానా తేవడానికి వెళ్లాను. ఆ కాసేపట్లో జరిగిపోయింది.

అందరి ముందూ అరిచాను. "డబ్బుతో ఓడిపోయి, కత్తెరతో గెలుద్దామనుకున్నవా?" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "కత్తెరేంటి బాబూ! నాకు బానెట్ ఎలా తెరవాలో కూడా తెలీదు, కావాలంటే మావాణ్ణి అడుగు" అన్నాడు. జశ్వంత్ హెల్మెట్ తీయకుండా అలాగే నిలబడ్డాడు. నా కారు మీద నిర్ణయం శనివారం సభకి వాయిదా వేశారు. నేను రాసిన వాక్యం ప్రకారం నన్ను బయటకి పంపాలని ఒకాయన అన్నాడు. ఆ వాక్యం తప్పు చేసినవాళ్ల కోసం రాసింది, కుట్రకి బలైనవాళ్ల కోసం కాదు అని చెప్పాను.

ఈరోజు కరపత్రం రాసి అచ్చు వేశాను. తాత సిరిసిల్ల మరమగ్గాల సమ్మెలో పంచిన కరపత్రాలు, నువ్వు చీరల అడుగున పెట్టుకుని ఇంతదూరం తెచ్చినవి, నాకు కంఠతా వచ్చు. మొదటి వాక్యంలో అన్యాయం. రెండో వాక్యంలో చేసినవాడి పేరు. చివరి వాక్యంలో ఎక్కడ, ఎన్ని గంటలకు కలవాలో. అలాగే రాశాను. "సీలు తెంచిన చెయ్యి ఎవరిది?" అని పైన, దాని కింద రాజారావు పేరు. ఇంగ్లిషులో ఒకటి, తెలుగులో ఒకటి. క్లబ్బు గేటు దగ్గర పంచాను. సాండ్రింగ్‌హామ్‌లో మనం కరివేపాకు కొనే షాపులో కౌంటరు మీద పెట్టాను. తాత ఉంటే భుజం తట్టేవాడు.

నాన్న అన్నానికి పిలుస్తున్నాడు. మిగతాది రేపు.

గురువారం

అమ్మా, రేపన్నది గురువారం అయింది. ఆదివారం రాసిన పేజీలు చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను. చింపలేదు. చింపితే ఆ మాటలు నేను అనలేదన్నట్టు ఉంటుంది. చదువు. చదివి ఈ పేజీకి రా.

మంగళవారం కరివేపాకు షాపుకి వెళ్తే పద్మ ఆంటీ కనిపించింది. రాజారావు అంకుల్ భార్య, నీ స్నేహితురాలు. కౌంటరు మీద నా కరపత్రం ఉంది. ఆంటీ చేతిలో ఉన్న బెండకాయల కవరు అక్కడే పెట్టేసి, నా వైపు చూడకుండా బయటకి వెళ్లిపోయింది. నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను. తప్పుకోవలసినవాళ్లు వాళ్లు కదా, నేనెందుకు తప్పుకున్నానో అర్థం కాలేదు. జశ్వంత్ కారు మీద ఎవరో రంగుతో 'చీటర్' అని రాశారని ఆ సాయంత్రమే తెలిసింది. సంతోషం కలగాలి. కలగలేదు.

నిన్న ఈ ఉత్తరం పూర్తి చేద్దామని కూర్చున్నాను. దీపం సంగతి మిగిలి ఉంది. నువ్వు వెళ్లిన రోజు నుంచి ఒక్కసారి కూడా పెట్టలేదు. పెడుతున్నానని రాయడానికి చెయ్యి రాలేదు. సరే, ముందు పెట్టేసి తర్వాత రాద్దాం, అప్పుడు అబద్ధం కాదు అనుకుని లేచాను. ఒత్తుల కోసం వెతుకుతూ కుంకుమ భరిణె పక్కకి జరిపాను.

కింద సీసపు బిళ్ల ఉంది. రెండు వైపులా తెగిన తీగ. బిళ్ల మీద నంబరు. నా కారుదే.

బిళ్ల చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, "ఏందిరా, దీపం ముట్టించక గట్ల నిలబడ్డవ్?" అన్నాడు. బిళ్ల చూపించాను.

"గిదా? దసరా నాడు మీ అమ్మ తీసింది."

"అమ్మ తీసిందా?"

"నువ్వు పనికి పోయినవ్. ఆయుధ పూజ చేస్త, ఇంజను చూపియ్యి అన్నది. నేను బానెట్ లేపిచ్చి డ్యూటీకి పోయిన. ఎవరో పాత తాయత్తు కట్టిన్రట. దాని మీద కొత్తది కట్టొద్దని కత్తెరతోని కోసి, మన కొండగట్టు అంజన్న దారం కట్టింది. తీసింది పారెయ్యొద్దు, దేవుని కాడ పెట్టాలె అన్నది. నీకు చెప్పుమన్నది గూడ. మర్శిన."

"నాన్నా! శనివారం నుంచి ఇంట్లో ఇంత మొత్తుకుంటున్న కదా!"

"నువ్వు సీలు పోయింది, సీలు పోయింది అని ఒర్లుతున్నవ్. తాయత్తు పోయిందని ఒక్కసారన్న అన్నవా?"

అమ్మా, నాకు నవ్వొచ్చింది. తర్వాత దసరా గుర్తొచ్చింది. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి బానెట్ మీద కుంకుమ బొట్టు, టైర్ల కింద చితికిన నిమ్మకాయలు చూశాను. ట్రాక్ దగ్గర నవ్వుతారని బొట్టు తుడిచేశాను కూడా. లోపల ఇంకేం చేశావని అడగలేదు.

ముందు ప్రణీతకి చెప్పాను. వాళ్లింటి ముందు కారు కింద దూరి ఏదో బిగిస్తోంది. బయటకొచ్చి బిళ్ల చూసి, నన్ను చూసి, మెల్లగా అడిగింది. "ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకు, నాన్నకి. ఇప్పుడు నీకు."

"దెన్ జస్ట్ కామ్‌గా ఉండు సృజన్. శనివారం దాకా. అందరూ రాజారావు అంకుల్ మీద కోపంగా ఉన్నారు, ఓటు మనకే పడుతుంది. తర్వాత చెప్పు."

"తర్వాత చెప్తే?"

"తర్వాత చెప్తే రూల్ ఉంటుంది! ఇప్పుడు చెప్తే ఏమంటారు? ఒక ఆంటీ కిచెన్ సిజర్స్‌తో కట్ అయ్యే సీలు ఎందుకంటారు. నేను మళ్లీ కారు అమ్ముకోవాలి. నువ్వు హీరో అవుతావ్, నేను కంచె బయట చిప్స్ తింటా."

ఆమె కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఈ నియమం నాకంటే ఆమెకే ఎక్కువ అవసరం. బిళ్ల తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి తాత కరపత్రాలన్నీ నేల మీద పరిచాను. 'మొన్న మేం రాసింది తప్పు' అని రాసిన కాగితం ఒక్కటైనా ఉందేమో అని వెతికాను. లేదు. తాతకి ఆ అవసరం రాలేదేమో. వచ్చినా రాయలేదేమో. నాకు తెలియదు. కానీ ఒక సంగతి అర్థమైంది. ఆ కాగితాల్లో యజమానుల పేర్లున్నాయి, వాళ్లు ఏం చేశారో చూసినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. నా కాగితంలో పేరు ఒక్కటే ఉంది. చూసినవాడు లేడు. నేను చూడలేదు. నాకు ఆయన నవ్వు నచ్చలేదు, అంతే.

ఈరోజు పొద్దున బోటనీ డౌన్స్ వెళ్లాను. రాజారావు అంకుల్ షాపులో పాల డబ్బాలు సర్దుతున్నాడు. నన్ను చూసి, "రావయ్యా. ఇంకో కాగితం తెచ్చావా?" అన్నాడు. బిళ్ల కౌంటరు మీద పెట్టి మొత్తం చెప్పాను.

ఆయన బిళ్లని అటూ ఇటూ తిప్పి చూశాడు. నోరు విప్పకుండానే పొట్ట కదిలేలా నవ్వాడు. "తాయెత్తా? సావిత్రమ్మగారు భలేవారయ్యా! మా పద్మ నయం, స్టీరింగుకి నిమ్మకాయ కట్టి ఊరుకుంది." అంతలో నవ్వు ఆగిపోయింది. "ఆవిడ చేతి సకినాలు తిన్నవాణ్ణి, ఆవిణ్ణి ఏమంటాను? నీ సంగతి వేరు. నా పేరు అచ్చేసి పంచావు. కాగితం మీద పెట్టింది నోటితో తీస్తే పోదు."

"కాగితం మీదే తీస్తానంకుల్. సభలో కూడా చెప్తాను."

"చెప్పు. చెప్పినంత మాత్రాన నా ఓటు నీకు రాదు. నా డబ్బు, నా కొడుకు, నా ఇంజను. మీ అమ్మ కత్తెరకే తెగిన రూలుకి నేనెందుకు ఓటెయ్యాలి?"

"సీలు పని చేసిందంకుల్" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది. "తీగ తెగిందని అది చెప్పింది. దాని పని అంతే. ఎవరు తెంచారో చెప్పే పని దానికి లేదు. ఆ పని నేను నెత్తినేసుకున్న."

డబ్బాలు సర్దుకుంటూ, "టీ తాగి పో" అన్నాడు. లోపల్నుంచి పద్మ ఆంటీ గ్లాసు తెచ్చి పెట్టింది. చక్కెర వేయలేదు. తాగాను. రెండోసారి వచ్చి చక్కెర డబ్బా నా ముందు పెట్టి వెళ్లింది.

బయట జశ్వంత్ కారు తలుపు మీద రంగు గీకుతున్నాడు. నేనూ ఒక గీకుడు బ్లేడు తీసుకున్నాను. ఇద్దరం 'చీ' దాకా గీకాం. వాడు ఇక్కడే పుట్టిన పిల్లాడు, తెలుగు తడుముకుంటాడు. "అన్నా, నేను గెలిచినా డాడీ ఇంజను గెలిచింది అనే అంటారు కదా" అన్నాడు. దానికి నా దగ్గర కరపత్రం లేదు. వాడు సారీ చెప్పమని అడగలేదు, నేనే చెప్పాను. "ఓకే" అన్నాడు. ఓకే అయినట్టు లేదు.

అమ్మా, నువ్వు ఇప్పుడు ఏడుస్తున్నావని తెలుసు. ఏడవకు. నీది తప్పు కాదు. దారం కట్టినదానివి నా కోసం కట్టావు. ఆ దారంతోనే మొన్న శనివారం గెలిచాను అని నువ్వంటావు, అను, కాదనను. తప్పు నాది. అడగాల్సిన చోట అడగకుండా అరిచాను.

శనివారం నేను చెప్పేవి మూడు మాటలు. రాజారావు తెంచలేదు. మా ఇంట్లోనే తెగింది. నేను రాసిన వాక్యం నాకూ వర్తిస్తుంది కాబట్టి నా కారు సీజనంతా బయటే, గెలిచిన కప్పు వెనక్కి. వాక్యం నా దగ్గర ఆగిపోతే ఇంకెవరి మీదా నిలబడదు. దాని తర్వాత సీలు గురించి అడుగుతాను. ప్రతి సీలుకీ పక్కన ఒక రేకు బిగించాలి, మావోరీ, ఇంగ్లిషు, హిందీ, తెలుగు, సమోవన్, ఎవరి ఇంట్లో కారు ఉంటే వాళ్ల భాషలో: "ఇది తాయెత్తు కాదు. ముట్టుకోవద్దు." గ్రేమ్‌కి ఫోన్లో చెప్తే చాలాసేపు నవ్వి, రేకులు తనే కొట్టిస్తానన్నాడు. ఓటు గెలుస్తామో లేదో తెలియదు. ప్రణీతకి ఇదంతా చెప్పాను. తిట్టింది. తిట్టి, కొత్త కరపత్రం ఇంగ్లిషులో తప్పులు దిద్దింది.

కొత్త కరపత్రం కూడా తాత పద్ధతిలోనే ఉంది. మొదటి వాక్యం: ఒక మనిషి మీద అబద్ధపు నింద పడింది. రెండో వాక్యం: వేసింది మౌంట్ రాస్కిల్ సృజన్. పాతది పెట్టిన ప్రతిచోటా దీన్ని పెట్టాను. కరివేపాకు షాపులో పాతవి ఏరి నా చేత్తోనే తీశాను.

నా మాట నమ్మనివాళ్లు ఉంటారు. రాజారావుకి భయపడి మాట మార్చాడంటారు. అందుకే నువ్వు కావాలి. దసరా నాడు ఏం చూశావో, ఏం కోశావో, ఏం కట్టావో ఫోన్లో సభకి నీ నోటితో చెప్పు, తెలుగులోనే చెప్పు. ప్రణీత ఇంగ్లిషులో చెప్తుంది. పద్మ ఆంటీ కూడా వస్తానందట, నీ గొంతు వినడానికి.

కరపత్రం చివరి వాక్యం నీకు కూడా: శనివారం సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు, క్లబ్బు హాల్లో, అందరూ కలవాలి. మీకది పొద్దున పదిన్నర. చిన్నమ్మని పక్కన కూర్చోబెట్టుకో, ఫోన్ చార్జింగులో పెట్టుకో, కళ్లజోడు పెట్టుకో. నేను పేరు పిలవగానే పలుకు.

ఇట్లు,
ఈ సీజనంతా ఇంట్లోనే ఉండి దీపం పెట్టబోయే
నీ కొడుకు
సృజన్